ఇంజిన్‌కి ఒళ్ళొస్తే

మా బావ దర్జీ. ఆయన కుట్టిన బట్ట ఏదైనా తిరగేసి చూడండి, లోపల కుట్టు పక్కన బొటనవేలి వెడల్పున గుడ్డ మిగిలి ఉంటుంది. కొలతలిచ్చేటప్పుడు ఎవరైనా "ఒంటికి అతుక్కున్నట్టుండాలి" అంటే ఆయన ముఖం చిన్నబోతుంది. "అట్లాగే కుడతాను. కానీ రేపు ఒళ్ళొస్తే?" అని అడుగుతాడు. ఎముకల గూడులాంటి మనిషినైనా అదే అడుగుతాడు. ఒకసారి ఒక లెక్కల మాస్టారు తమ వంశంలో ఎవరికీ ఒళ్ళు రాలేదని తాతముత్తాతల దగ్గర్నుంచీ చెప్పుకొచ్చాడు. బావ తలూపి, ఆయన చెప్పిన కొలతకే కుట్టి, లోపల మాత్రం తన పద్ధతిలో గుడ్డ వదిలాడు. మాస్టారు మళ్ళీ ఆ ప్యాంటు పట్టుకుని కొట్టుకి వచ్చిన రోజు ముందు ఆయన బొజ్జ వచ్చింది, తర్వాత ఆయన వచ్చాడు. బావ ఒక్క మాట అనలేదు. అనడానికి నేనున్నాను కదా.

అందుకే ఆయన్ని అందరూ వదులాయన అంటారు. కొట్టు బోర్డు మీద ఏం రాసి ఉందో ఎవరికీ గుర్తులేదు, వదులాయన కొట్టు అంటే చాలు. నేను ఆ వదులాయన మరదల్ని. కాజాలు కుట్టేదీ, గుండీలు కుట్టేదీ, వచ్చినవాళ్ళతో దెబ్బలాడేదీ నేనే. బావకి దెబ్బలాడటం చేతకాదు. మా అక్కకి బాగా చేతనవును గానీ, ఆమె ఓపికంతా బావతో దెబ్బలాడటానికే సరిపోతుంది.

అక్కది మొక్కల వ్యాపారం. కొట్టు వెనక పెరట్లో నారు పెంచి, పూలమొక్కలు కుండీల్లోకి మార్చి అమ్ముతుంది. పెరటి చివర రేకుల షెడ్డు ఉంది. ఆ షెడ్డులో, మందపాటి టార్పాలిన్ కింద, ఒక కారు ఉండేది. వీపు గుండ్రంగా ఉండే పాతకాలపు కారు. అన్ని కార్లకీ ఇంజిన్ ముందుంటే దీనికి వెనకుంటుంది, సామాను పెట్టుకునే చోటు ముందుంటుంది. ఇంజిన్‌ని చల్లబరచడానికి నీళ్ళు అక్కర్లేదు, ఒక ఫ్యాను గాలి విసిరితే చాలు. బావకి పని నేర్పిన పెద్ద దర్జీ గారు కుట్టిన బట్టలు ఇళ్ళకి అందించడానికి వాడుకుని, కొట్టుతో పాటు ఈయనకి అప్పగించి వెళ్ళారు. "నీళ్ళతో పనిలేని బండి" అని బావ గొప్పగా చెప్పుకునేవాడు. "గాలి బండి" అని అక్క ఒక్క మాటతో ఆయన గాలి తీసేసేది.

ఆ గాలి బండిలో అక్క ఒకే ఒక్కసారి ఎక్కింది. అది పెళ్ళయిన రోజు. పెళ్ళి జరిగిన హాలు వాలు కింద ఉంది, ఇల్లూ కొట్టూ పైన. మధ్యలో రోడ్డు ఒక చోట బాగా నిటారుగా ఎక్కి, పిట్టగోడ పక్కన మలుపు తిరుగుతుంది. ముందు సీట్లో కొత్త దంపతులు, వెనక సీట్లో నేనూ, నా మీద పెళ్ళి సామానూ. సరిగ్గా ఆ మలుపు దగ్గర మాడు వాసన వచ్చింది, వెనక ఏదో కరకరమంది, బండి ఆగిపోయింది.

బావ దిగి వెనక్కి పరుగెత్తాడు. మూత ఎత్తి ఇంజిన్‌ని తిట్టాడు, బతిమాలాడు, మళ్ళీ తిట్టాడు. మండుటెండలో అక్క దిగి పక్కన నిలబడింది. చివరికి నెట్టడం తప్ప దారి లేదని తేలింది. నెట్టడానికి ఉన్నది వాళ్ళిద్దరే. నన్ను ముందుకి జరిగి స్టీరింగ్ పట్టుకోమన్నారు. అప్పటికి నాకు పదేళ్ళైనా లేవు. ఆ రోజు బండి నడిపింది నేనేనని ఇప్పటికీ అందరికీ చెబుతాను. అద్దంలో అక్క కనబడుతూనే ఉంది. వేడి మూత మీద చెయ్యి పెట్టి ఉలిక్కిపడి తీసేసింది. ఆ చేతిని జాకెట్ చేతికి తుడుచుకుని మళ్ళీ నెట్టింది. దానిమ్మ రంగు జాకెట్ అది. బావ స్వయంగా కుట్టిన పెళ్ళి జాకెట్. దాని మీద నూనె మరక నాలుగు వేళ్ళ ఆకారంలో పడింది.

ఇంటి ముందుకి రాగానే అక్క ఆయాసం తీర్చుకుని, కొంగుతో ముఖం తుడుచుకుని అంది: "ఇంక నేను ఈ బండెక్కితే ఒట్టు."

ఇంజిన్ గాలికి చల్లారుతుంది గానీ మా అక్క కోపం అలా చల్లారే రకం కాదు. ఇరవై ఏళ్ళు దాటినా ఒట్టు ఒట్టుగానే ఉంది. మార్కెట్‌కి నడిచి వెళుతుంది, మొక్కలు మోసుకుంటూ బస్సెక్కుతుంది. అక్క ఎక్కని బండిని తాను మాత్రం ఎందుకు నడపాలని బావ దానికి టార్పాలిన్ కప్పేశాడు. అలాగని ఎవరికీ ఇవ్వనూ లేదు.

మొన్నటి ఏడాది వానలకి అక్క నారు సగం కుళ్ళిపోయింది. ఎండలు ముదిరాక ఒక రోజు ఆమె కొట్లోకి వచ్చి, బావ కత్తిరించే బల్ల ముందు నిలబడింది. "ఈసారి వానలకి ఆ షెడ్డు నాకు కావాలి. ఆ బండి అక్కణ్ణించి కదలాలి" అని చెప్పి వెళ్ళిపోయింది.

బావ కత్తెర కింద పెట్టాడు. ఆయన కళ్ళలో మెరుపు చూసి నాకు భయమేసింది.

"విన్నావా మరదలా? బండి కదలాలంటోంది మీ అక్క."

"కదలడమంటే పాత ఇనుము వాడి లారీ మీద కదలడం బావా."

"ఎట్లా కదలాలో చెప్పలేదుగా."

మెళ్ళో టేపు అలాగే వేలాడుతుండగా పెరట్లో అక్క దగ్గరికి వెళ్ళాడు. నేను వెనకే వెళ్ళాను, ఇలాంటివి వదులుకుంటానా.

"వానలు మొదలయ్యేలోపల దాన్ని బాగుచేస్తాను. కాకపోతే నువ్వన్నట్టే పాత ఇనుముకి ఇచ్చేస్తాను. బాగైతే మాత్రం ఎక్కుతావా?"

"నేను ఒట్టేశాను" అంది అక్క, నీళ్ళు పోయడం ఆపకుండా.

"ఎక్కుతావా అని అడుగుతున్నాను."

"ముందు ఇనుము వాడికి కబురు పెట్టి ఉంచండి."

మా వీధి మొదట్లో మేస్త్రీ ఒకడున్నాడు. ఇలాంటి బళ్ళు విప్పి బిగించడంలో చెయ్యి తిరిగినవాడు. మనిషి భారీ విగ్రహం, ఆయన ప్యాంట్లు మొదట్నుంచీ బావే కుడతాడు. సంగతి విని నడుం మీద చేతులు వేసుకున్నాడు. "నేనెప్పుడైనా నీ కొట్టుకొచ్చి కోటు కుడతానన్నానా? నాకివ్వు, చేసిపెడతా." బావ ఒప్పుకోలేదు. తన చేత్తోనే చెయ్యాలన్నాడు. "ఏ స్క్రూ వదులో నీకు" అని మేస్త్రీ నిట్టూర్చి, పనిముట్లు ఇస్తాను, చెబుతాను, ముట్టుకోను అని షరతు పెట్టాడు.

బండిని చెక్క దిమ్మల మీదికి ఎత్తి, అడుగున జాకీ పెట్టి, బోల్టులు విప్పి, ఇంజిన్‌ని కిందికి దించి బయటికి లాగారు. పాత ఇస్త్రీ బల్ల మీద దుప్పటి పరిచి దాని మీద పడుకోబెట్టారు. చూడటానికి ఇంజిన్‌లా లేదు. తగరపు రేకులు కప్పుకుని ముడుచుకు పడుకున్న రోగిష్ఠి జంతువులా ఉంది. మధ్యాహ్నం కొట్లో పని పలచబడగానే బావ షెడ్డులోకి పోయేవాడు. విప్పిన ప్రతి ముక్కకీ గుడ్డ పీలిక మీద సుద్దతో రాసి దారంతో కట్టేవాడు, గిరాకీల బట్టలకి కట్టినట్టు. "ఎడమ చెయ్యి, పైది." "కుడి జేబు, లోపలిది." ఆ రాతలు ఇంజిన్‌లో ఏ భాగానికో ఆయనకొక్కడికే తెలియాలి. బోల్టులూ నట్లూ గళ్ళు గళ్ళుగా ఉండే అక్క నారు ట్రేల్లో సర్దాడు, గడికి ఒకటి.

"టమాటా నారు పోద్దామని చూస్తే ట్రేలు లేవు" అని అక్క షెడ్డు గుమ్మంలో నిలబడింది. "ఇందులో మేకులు నాటారా? ఎప్పుడు మొలుస్తాయి?"

"వానలు పడేలోగా" అన్నాడు బావ తల ఎత్తకుండా. అక్క విసురుగా వెళ్ళిపోయింది గానీ, మర్నాడు గుమ్మం దగ్గర ఇంకో రెండు ఖాళీ ట్రేలు కనిపించాయి.

ఇంజిన్‌లో పిస్టన్లు ఆడే బోర్ల చుట్టూ పలచని ఇనుప రెక్కలు వరసగా ఉంటాయి. ఫ్యాను గాలి వాటి మధ్య నుంచి పోతేనే వేడి తగ్గుతుంది. ఆ గాలి పక్కకి పోకుండా పైన రేకు తొడుగు ఉంటుంది. బావ ఆ తొడుగు విప్పిన మధ్యాహ్నం "మరదలా" అని ఒక్క కేక వేశాడు. నేను చేతిలో సూదితోనే పరుగెత్తాను.

తొడుగు లోపల, ఒక పక్క రెక్కల మీద, పిడికెడు కాదు, దోసెడు గుడ్డ పీలికలు. నల్లగా మాడి, గట్టిగా అతుక్కుపోయి. ఎప్పటిదో ఎలుక గూడు. బావ ఒక్కొక్క పీలికే లాగి దులిపాడు. లోపలి పొరల్లో మాడనివి ఉన్నాయి. బూడిద రంగు కోటు గుడ్డ, చారల చొక్కా గుడ్డ, వాటి మధ్య దానిమ్మ రంగు.

ఆ రంగు మా ముగ్గురిలో ఎవరూ మరిచిపోయేది కాదు. పెళ్ళి జాకెట్ కత్తిరించినప్పుడు కొట్లో నేల మీద పడ్డ ముక్కల్ని ఎలుక మోసుకెళ్ళి, బండిలో తన కాపురం పెట్టుకుంది. గాలి పోయే దారి మూసుకుపోయి, ఎక్కుడులో ఇంజిన్ కాగిపోయి, ఒక పక్క పిస్టన్లు రెండూ పట్టేశాయి. బావ ఆ పీలికని రెండు వేళ్ళతో పట్టుకుని పెరట్లోకి పరుగెత్తాడు. గుమ్మం దగ్గర చెప్పు జారిపోయినా చూసుకోలేదు.

"చూడు. తప్పు ఇంజిన్‌ది కాదు, నాదీ కాదు. ఎలుక. ఇరవై ఏళ్ళుగా నన్ను సాధిస్తున్నావు, ఇదిగో దొంగ దొరికింది."

అక్క పీలిక అందుకుని చాలాసేపు చూసింది. ఆమె గొంతు పెద్దది కాలేదు. అక్క గొంతు తగ్గిందంటే నాకు చెడ్డ భయం.

"తప్పు ఇంజిన్‌దని నేనెప్పుడన్నాను? ఆ రోజు బండి ఆగగానే దిగి వెనక్కి పోయారు. ఇంజిన్ మొహం చూశారు, బోల్టు మొహం చూశారు. ఇంటికొచ్చేదాకా ఒక్కసారైనా నా మొహం చూశారా?"

బావ జారిన చెప్పు వెతుక్కుని షెడ్డులోకి వెళ్ళిపోయాడు. ఇరవై ఏళ్ళుగా ఆ కోపం బండి నెట్టించినందుకనుకున్నాం, మరక పడినందుకనుకున్నాం. నాకైతే బావ మీద జాలీ, కోపం రెండూ కలిసి వచ్చాయి. చెప్పాలా ఇన్నాళ్ళూ? అడగాలా ఇన్నాళ్ళూ? ఇద్దరికీ కలిపి రెండు మొట్టికాయలు వెయ్యాలనిపించింది.

ఇక పని మానేస్తాడేమో అనుకున్నాను. మానలేదు. ఇంకా శ్రద్ధగా చేశాడు. పట్టేసిన పిస్టన్లని నూనెలో నానబెట్టి చెక్కతో తట్టి తీశాడు. పాత సామాన్ల కొట్లో గాలించి కొత్త బోర్లూ పిస్టన్లూ రింగులూ తెచ్చాడు. కిరసనాయిల్లో ముంచి, పాత పళ్ళ బ్రష్షుతో రుద్ది రుద్ది ప్రతి ముక్కనీ తెల్లగా చేశాడు. పెట్రోలు ట్యాంకు కడిగాడు. బ్రేకులు మాత్రం ముట్టుకోనివ్వలేదు మేస్త్రీ, "అవి నేనే చూస్తా, మా చెల్లెమ్మ ఎక్కాల్సిన బండి" అన్నాడు. ఇంజిన్ తలకాయల నట్లు ఒకేసారి బిగించకుండా, ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాలని చెబితే బావ నవ్వాడు. కాలరు అతికేటప్పుడు ముందు మూలల్లో టాకా వేసుకోవడం లాంటిదేనన్నాడు. కూనిరాగం తీస్తూ పనిచేసేవాడు. రాగం నాసిగా ఉన్నా, పెరట్లో కుండీల మధ్య అక్క కూడా చెవి ఒగ్గి వినేది.

చివరికి వాల్వుల్ని తెరిచే టాపెట్ల దగ్గరికి వచ్చారు. మేస్త్రీ పలచని ఉక్కు రేకుల గుత్తి తెచ్చి అందులో ఒకటి విడదీసి చూపించాడు. "వాల్వు దగ్గర ఈ రేకు దూరేంత సందు ఉంచు. చాలు."

"సందెందుకు?"

"వాల్వు వేడెక్కితే సాగుతుంది. సందు లేకపోతే పూర్తిగా మూసుకోదు."

బావ చేతిలో పని ఆపేశాడు. "అంటే ఇంజిన్‌కి కూడా ఒళ్ళొస్తుందా?"

"అట్లాగే అనుకో" అని మేస్త్రీ వెళ్ళిపోయాడు. అక్కడే పొరపాటు చేశాడు. ఆ మాట ఎవరితోనైనా అనవచ్చు గానీ, మా బావతో అనకూడదు. తప్పిపోయిన చుట్టం దొరికినంత సంతోషంగా ఆయన ఆ ఇంజిన్‌ని చూస్తూ కూర్చున్నాడు.

ఇంజిన్‌ని మళ్ళీ బండిలోకి ఎక్కించారు. స్టార్ట్ చేసే పొద్దున అక్క ఎటో చూస్తూ, ఒకే కుండీకి నీళ్ళు పోస్తూ నిలబడింది. కుండీ నిండి నీళ్ళు కారిపోతున్నా పోస్తూనే ఉంది. బావ తాళం తిప్పాడు. ఒకసారి దగ్గింది. రెండోసారి తుమ్మింది. మూడోసారి అందుకుంది. నేను ఎగిరి గంతేశాను. బావ స్టీరింగ్ మీద తల వాల్చి నవ్వాడు. ఆ తర్వాత చప్పుడు వినబడింది. టకటక టకటక, కొట్లో మిషన్లన్నీ పెరట్లోకి తెచ్చి ఒకేసారి తొక్కినట్టు.

"ఇంతకీ ఇంజిన్ బిగించారా, కుట్టు మిషనా?" అంది అక్క.

బావ ముఖం వాడిపోయింది. ఆకాశంలో మబ్బులు కూడా అప్పుడే కమ్ముతున్నాయి. ఇనుము వాడికి కబురు పెట్టాలా అన్నట్టు నావైపు చూశాడు. ఇంతలో ఆ చప్పుడు విని వీధి మొదట్నుంచి మేస్త్రీ వచ్చాడు. పెరటి గేటు దగ్గరే ఆగి, చెవి ఒక పక్కకి వంచి విని, గేటు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు.

"టాపెట్లలో ఎన్ని రేకులు దూర్చావయ్యా?"

"నువ్వు చూపించిందొకటి" అన్నాడు బావ. కాస్త ఆగి, "దాని మీద ఇంకోటి."

"ఇంకోటెందుకు?"

బావ జవాబు చెప్పేలోగా కుండీల దగ్గర్నుంచి అక్కా, గుమ్మంలోంచి నేనూ ఒక్కసారే అన్నాం: "రేపు ఒళ్ళొస్తే?"

అక్క నవ్వింది. నీళ్ళ చెంబు కింద పెట్టి, పొట్ట పట్టుకుని, కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. ఆ బండి పక్కన అక్క నవ్వగా నేను చూడటం అదే మొదలు.

"బట్టైతే విప్పి మళ్ళీ కుడతావు" అన్నాడు మేస్త్రీ. "దీనికెంత ఒళ్ళొస్తుందో దీన్ని చేసినవాడు ముందే కొలిచాడు. నీ కొసరు అక్కర్లేదు. బాగా చల్లారనిచ్చి, ఒక్క రేకుతో సరిచెయ్యి."

మర్నాడు పొద్దున్నే సరిచేశాడు. ఈసారి స్టార్ట్ చేస్తే టకటక పోయి, తనలో తను గొణుక్కుంటున్న ముసలమ్మ గొంతు వచ్చింది. అది దాని అసలు గొంతని మేస్త్రీ చెప్పాడు.

బండి కదిలింది. మాట నెగ్గింది. అయినా బావ అక్కని ఎక్కమని అడగలేదు. ఆ మధ్యాహ్నం కొట్లోకి వెళ్ళి మిషన్ ముందు కూర్చుని ఏదో విప్పుతున్నాడు. చూస్తే దానిమ్మ రంగు జాకెట్. పెట్టె అడుగునుంచి ఎప్పుడు తీశాడో ఏమో. పక్క కుట్లు ఊడదీసి, ఇరవై ఏళ్ళ కిందట లోపల వదిలిన గుడ్డని బయటికి తెస్తున్నాడు. ఎండ తగలని ఆ పట్టీ ఇంకా కొత్తగా ఎర్రగా మెరుస్తోంది. అక్క కొలత తీసుకోలేదు, ఆయనకి అక్కర్లేదు. చేతి మీద నాలుగు వేళ్ళ మరకని మాత్రం ముట్టుకోలేదు. దాని మీద వేలు పెట్టి కాసేపు అలాగే కూర్చున్నాడు. నేను చూడనట్టు కాజాలు కుట్టుకున్నాను. తర్వాత చూస్తే ఒక్క గుండీకి మూడు కాజాలు కుట్టేశాను.

జాకెట్‌ని పెరటి తలుపు కొక్కేనికి తగిలించి ఆయన వెళ్ళిపోయాడు. తెల్లారేసరికి కొక్కెం ఖాళీగా ఉంది. అక్క అది తొడుక్కుని, చేతిలో రెండు పూలకుండీలతో బండి పక్కన నిలబడి ఉంది. సరిగ్గా సరిపోయింది.

"కింది వీధిలో ఇవ్వాలి ఇవి. బస్సులో కొమ్మలు విరుగుతున్నాయి" అంది ఎవరితోనో అన్నట్టు. "ఎవరో ఒకరు పట్టుకు కూర్చోవాలి కదా."

"మరి ఒట్టో?" అన్నాను నేను, ఊరుకోలేక.

"మొక్కలకి ఒట్టు లేదు" అని ఎక్కి కూర్చుంది. నేను వెనక సీట్లో ఎక్కాను. నా చోటు నాదే.

కిందికి దిగడం సులువుగానే అయింది. మొక్కలు ఇచ్చేశాం. తిరుగుదారిలో ఎవరి చేతిలోనూ మొక్కల్లేవు, ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎక్కుడు మొదలైంది. ఇంజిన్ గొణుగుడు కాస్త పెద్దదైంది గానీ తడబడలేదు. పిట్టగోడ మలుపు కనబడగానే బావ మెడ బిగుసుకుపోవడం వెనకనుంచి నాకు తెలుస్తూనే ఉంది.

"ఆపండి" అంది అక్క.

"ఇక్కడా?"

"ఇక్కడే. ఇంజిన్ కూడా ఆపెయ్యండి."

ఎక్కుడు మధ్యలో, కాగిన ఇంజిన్‌ని ఆపమంటే, మళ్ళీ స్టీరింగ్ నా చేతికే వస్తుందనుకున్నాను. బావ హ్యాండ్ బ్రేకు లాగి తాళం తిప్పేశాడు. ఒక్కసారిగా అంతా నిశ్శబ్దం. వెనక వేడి ఇనుము టిక్కు టిక్కుమంటోంది. బావ చెయ్యి అలవాటు కొద్దీ తలుపు పిడి మీదికి పోయింది, దిగి వెనక్కి వెళ్ళడానికి. అక్క అది చూసింది. నేనూ చూశాను.

ఆ చెయ్యి పిడి మీద ఆగింది. తర్వాత వెనక్కి వచ్చింది. బావ సీట్లో పూర్తిగా పక్కకి తిరిగి అక్క ముఖంలోకి చూశాడు.

"ఆ రోజు చెయ్యి కాలిందా?" అని అడిగాడు.

"కాలింది" అంది అక్క.

"చూపించు."

అక్క అరచెయ్యి చాపింది. అక్కడేం లేదు, ఉన్నా ఇన్నేళ్ళు ఉంటుందా. అయినా ఆయన దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, వెలుతురు పడేలా తిప్పి, బట్ట నేత చూసినంత శ్రద్ధగా చూశాడు. వెనకనుంచి ఒక లారీ హారన్ కొట్టి పక్కనుంచి వెళ్ళింది. ఆయన తల తిప్పలేదు. నాకు ఏడుపొచ్చింది. నేను ఊరికే ఏడ్చే మనిషిని కాను, అది అందరికీ తెలుసు.

"సరే, ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను" అంది అక్క, చూపుడు వేలితో పిట్టగోడని చూపించి. "ఇప్పుడు స్టార్ట్ చెయ్యండి."

బావ తాళం తిప్పాడు. మొదటిసారికే అందుకుంది.

మలుపు తిరిగి పైకెక్కాం. మా ఇల్లు వచ్చింది. బావ ఆపలేదు, అక్క ఆపమనలేదు. కొట్టు ముందు లెక్కల మాస్టారు, బొజ్జ ముందూ తాను వెనకా, చంకలో ప్యాంటు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. మమ్మల్ని చూసి చెయ్యెత్తాడు. బావ కాలు బ్రేకు మీదికి పోయింది.

"పోనివ్వండి" అంది అక్క. "ఆయనకి ఇంకాస్త ఒళ్ళొచ్చాక కుడుదురుగాని."